టీచరు పక్కన లేని 160 నిమిషాలు

(చిత్తూరులో కొత్తగా చేరిన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల సమావేశంలో ఒక రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే ముందుకు రండి, ఇక్కడ రెండు బెంచీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, మొహమాటం వద్దు.

మొదట ఒక మాట అడుగుతాను, చేతులెత్తండి. మీలో ఒక్క టీచరే ఉండే బడికి పోస్టింగ్ వచ్చినవాళ్లు ఎంతమంది? సరే. ఇద్దరు టీచర్ల బడి? చూశారా, సగానికి పైగా చేతులు ఇక్కడే లేచాయి. ఇంకొకటి అడుగుతా. వార్షిక ప్రణాళిక రాశారా? అందరూ రాశారు. దేన్ని చూసి రాశారు? వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ చూసి, అంతే కదా? నేను చేరినప్పుడు వాట్సాప్ లేదు. పక్క ఊరి సార్ రికార్డు రెండు రోజులకు అడిగి తెచ్చుకుని, చూసి రాశాను. వరసగా నాలుగేళ్లు అట్లాగే రాశాను. అందులో ఆ సార్ బడి ఉంది. మా బడి లేదు.

మా బడి లేదు అని ఎందుకంటున్నానంటే, మాది ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ఆ రికార్డు మాత్రం క్లాసుకొక టీచరు ఉన్నట్టు రాసింది. జూన్‌లో ఈ యూనిట్, జూలైలో ఆ యూనిట్, ఒక్కో పీరియడ్ 40 నిమిషాలు. ఆ 40 నిమిషాలు నా దగ్గర ఎక్కడున్నాయి? పాఠ్య ప్రణాళిక అనగానే మనకు యూనిట్లు, లక్ష్యాలు, బోధనోపకరణాలు గుర్తొస్తాయి. నాకు అన్నిటికన్నా ముందు నిమిషాలు గుర్తొస్తాయి. ఈ రోజు నేను చెప్పబోయేది అంతా ఆ నిమిషాల గురించే.

బోర్డు మీద లెక్క వేద్దాం. మీరూ వేయండి, కాగితాలున్నాయి కదా. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 గంటల బోధన. అంటే రోజుకు 4 గంటలు, 240 నిమిషాలు. ఇద్దరు టీచర్ల బడిలో ఒకరు ఒకటి, రెండు తీసుకుంటారు. ఇంకొకరు మూడు, నాలుగు, ఐదు తీసుకుంటారు. నేను ఆ రెండో మనిషిని. 240ని మూడుతో భాగించండి. ఎంత? 80. ఒక్కో తరగతికి రోజుకు 80 నిమిషాలు. తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, నాలుగు సబ్జెక్టులు. 80ని నాలుగుతో భాగిస్తే 20. అంటే నాలుగో తరగతి పిల్లవాడికి లెక్కల కోసం టీచరు దొరికేది రోజుకు 20 నిమిషాలు.

ఇక్కడి దాకా అందరికీ తెలిసిందే, స్టాఫ్ రూముల్లో అందరం చెప్పుకునే బాధే. నేను అడిగేది దాని తర్వాత. 240లో 80 పోతే ఎంత? 160. ఆ 160 నిమిషాలూ ఆ పిల్లవాడు బడిలోనే ఉన్నాడు కదా? ఇంటికి పోలేదు కదా? మరి ఏం చేస్తున్నాడు? 200 రోజులకు లెక్కేస్తే 533 గంటలు. మీ టీచింగ్ డైరీలో ఆ 533 గంటలకు ఒక్క గడి అయినా ఉందా? ఒకే టీచరు ఉన్న బడిలోనైతే 240ని ఐదుతో భాగించాలి, 48 వస్తుంది. మిగతా 192 నిమిషాలు పిల్లవాడి పక్కన ఎవరూ లేరు. మనం రాసే ప్రణాళిక అంతా మనం మాట్లాడే 80 నిమిషాలకే. మనం పక్కన లేని 160కి రాయం. నేను చెప్పేది ఆ 160కి ముందు రాయండి అని. ఆ 80 గురించి మీకు ట్రైనింగుల్లో చాలా చెప్పారు.

మా బడిలో ఆ 160 నిమిషాల్లో ఏం జరిగేదో చెబుతాను. మూడో తరగతికి పాఠం చెబుతూ నాలుగో తరగతి వైపు తిరిగి "ఫలానా పాఠం చూసి రాయండి" అనేదాన్ని. చూసి రాయండి. మీరూ అంటారు కదా? పిలకాయలు కూర్చుని రాస్తారు, శబ్దం ఉండదు, నోటు పుస్తకం నిండుతుంది, ఇంట్లోవాళ్లు చూసి సంతోషిస్తారు. ఒక రోజు నాలుగో తరగతి నోటు పుస్తకాలు దిద్దుతుంటే ఒక అబ్బాయి పుస్తకం చేతికొచ్చింది. రాత ముత్యాల్లా ఉంది. ఒక్క కొట్టివేత లేదు. పేజీ చివర ఏదో అంకె ఉంది. ఏంటా అని చూస్తే, పాఠ్యపుస్తకంలో పేజీ అడుగున అచ్చేసిన పేజీ నంబరు. పాఠంతో పాటు దాన్నీ దించేశాడు. ఎదురు పేజీలోనూ అంతే. నాకు గుండె ఆగినంత పని అయింది. పక్కకు పిలిచి, వాడే రాసుకున్న మొదటి వాక్యం చదవమన్నాను. తల వంచుకున్నాడు. రెండక్షరాల మాట ఒకటి చూపించాను. అదీ రాలేదు. వాడికి అక్షరం బొమ్మ. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు వేశాడు. నాలుగేళ్లుగా రోజుకు గంటల తరబడి రాస్తున్నాడు, నేను రోజూ కింద సంతకం పెడుతున్నాను.

ఆ సంతకం నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. వాడు మందకొడి పిల్లవాడా? కాదు. మేకల లెక్క తప్పడు, ఊళ్లో ఏ ఇంటికి ఏ దారో కళ్లు మూసుకుని చెబుతాడు. వాడికి బడిలో రోజుకు 160 నిమిషాలు పని లేదు, అంతే. నేను పని పేరుతో రాత ఇచ్చాను.

ఆ తర్వాత మా పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర ఉన్న రిషీ వ్యాలీకి వెళ్లాను. మీలో ఎంతమంది చూశారు? ఇద్దరేనా? తప్పకుండా వెళ్లి రండి. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గారు పుట్టింది మదనపల్లెలో, 1895లో. ఆయన పెట్టిన రిషీ వ్యాలీ పెద్ద స్కూలు పేరు అందరూ విన్నదే. నేను చెప్పేది దాని గురించి కాదు. చుట్టుపక్కల పల్లెల్లో వాళ్లు నడిపే చిన్న బడుల గురించి. ఒకే గది, అన్ని వయసుల పిల్లలు, ఒకే టీచరు. అంటే మనలాంటి బడే. అక్కడ గోడకు ఒక నిచ్చెన బొమ్మ ఉంది. తెలుగుకొకటి, లెక్కలకొకటి. ఏడాదిలో నేర్వాల్సిందంతా చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, మెట్టుకో కార్డు చేశారు. కార్డు మీద గుర్తుగా జంతువో పక్షో ఏదో బొమ్మ ఉంటుంది, చదవడం రాని పిల్ల కూడా తన కార్డు తనే వెతుక్కుంటుంది. కొందరు టీచరు దగ్గర కూర్చుంటారు. కొందరు తోటిపిల్లల సాయంతో చేస్తారు. కొందరు ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. ఒక మెట్టు వచ్చిందో లేదో చూసుకునే కార్డు ఉంటుంది. రాకపోతే మళ్లీ చేసే కార్డు వేరే ఉంటుంది. వారం రోజులు జ్వరమొచ్చి బడికి రాని పిల్ల తిరిగి వచ్చాక తను ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. క్లాసు ముందుకు పోయిందన్న భయం దానికి లేదు.

ఈ పద్ధతే తర్వాత చెన్నై కార్పొరేషన్ బడులకు, అక్కడినుంచి తమిళనాడంతా పోయింది. మన జిల్లాలో పుట్టిన పద్ధతి అమ్మా. మనం సరిహద్దు దాటి పోయి నేర్చుకోవాల్సిన పని లేదు.

అయితే ఆ కార్డులన్నీ మా బడికి తెచ్చి పెట్టలేదు. పెట్టలేం కూడా. మనకు ప్రభుత్వ పాఠ్యపుస్తకం ఉంది, పరీక్షల తేదీలు పైనుంచి వస్తాయి. నేను తెచ్చుకున్నది ఒక్కటే, పిల్లవాడి చేతిలో పెట్టే పని గురించి టీచరు ముందే ఆలోచించి ఉండాలన్న సంగతి.

ఆ ఏడు జూన్ మొదటివారంలో నేనూ, మా రెండో టీచరూ ఒక పని చేశాం. ఐదు తరగతుల లెక్కల పుస్తకాలు నేల మీద పక్కపక్కన పరిచాం. ఎప్పుడైనా అట్లా పరిచి చూశారా? మనం ఎప్పుడూ ఒక తరగతి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూస్తాం, అడ్డంగా. ఒక విషయాన్ని పట్టుకుని ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా నిలువుగా చూడం. మేం స్థాన విలువను పట్టుకున్నాం. ఎందుకు దాన్నే పట్టుకున్నామంటే, అంతకు ముందు మార్చిలో ఒక సంగతి జరిగింది.

ఐదో తరగతి పాప. 40 నుంచి 8 తీసెయ్యమంటే 48 అని రాసింది. ఎందుకమ్మా అన్నాను. "సున్నలోంచి ఎనిమిది పోదు కదా టీచర్, అందుకని ఎనిమిది దించాను. నాలుగు అట్లే ఉంది" అంది. చక్కగా, ధైర్యంగా చెప్పింది. మామూలుగా అయితే ఏం చేస్తాం? "పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకో, పది అవుతుంది" అని మళ్లీ చెప్పి ఇంకో పది లెక్కలు ఇస్తాం. ఆ రోజు ఎందుకో చెప్పలేదు. మా దగ్గర చీపురు పుల్లల కట్టలున్నాయి, కట్టకు పది, రబ్బరు బ్యాండు వేసి పెట్టినవి. నలభై పుల్లలు తీసుకురా తల్లీ అన్నాను. నాలుగు కట్టలు తెచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. కూర్చుంది. మొదటి కట్ట బ్యాండు విప్పింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. రెండో కట్ట విప్పి పదకొండు, పన్నెండు. అట్లా నాలుగు కట్టలూ విప్పి నలభై దాకా లెక్కపెట్టి, "సరిపోయాయి టీచర్" అంది.

ఏం అర్థమైంది మీకు? ఆ పాపకు పది అనేది ఒక ముద్దగా ఇంకా కనబడలేదు. పది పుల్లలే కనబడుతున్నాయి. అది ఒకటో తరగతిలో, రెండో తరగతిలో కుదరాల్సిన చూపు. పుస్తకంలోనేమో లక్షలు వచ్చేశాయి. ఆ పాపకు ఐదో తరగతి లెక్కలు ఎన్ని చెబితే మాత్రం ఏం లాభం? నిలువుగా చూస్తే తెలుస్తుంది, ఒకటో తరగతిలో పుల్లల కట్ట కుదరకపోతే రెండులో వందలు కుదరవు, మూడులో తీసివేత కుదరదు, నాలుగులో భాగహారం అసలు కుదరదు. భాగహారం దగ్గర మనం పిల్లలను తిడుతుంటాం. తప్పు మూడేళ్ల వెనక ఉంది.

అందుకే ఆ జూన్‌లో పెద్ద చార్టు మీద ఐదే దారాలు గీసుకున్నాం. లెక్కల్లో స్థాన విలువ, పంచుకోవడం. తెలుగులో చదివి అర్థం చేసుకోవడం, సొంతంగా రాయడం. ఇంగ్లిషులో వినడం, మాట్లాడటం కలిపి ఒకటి. మిగతా పాఠాలు వదిలేశామా? లేదు, చెప్పాం. కానీ టైము చాలనప్పుడు దేన్ని తేలిగ్గా దాటేయాలో, దేని దగ్గర వారం ఆగిపోయినా పర్వాలేదో ఇద్దరికీ ముందే తెలుసు.

ఎవరో అడగబోతున్నారు, సిలబస్ పూర్తి చేయకపోతే ఊరుకుంటారా మేడమ్ అని. మంచి ప్రశ్న. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో టీచరు బాధ్యతలు రాశారు. నిర్ణీత కాలంలో పాఠ్యప్రణాళిక మొత్తం పూర్తి చేయాలి అని ఉంది. ఆ వాక్యం మనకు అందరూ చెబుతారు. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. ప్రతి పిల్లవాడూ ఎంతవరకు నేర్చుకోగలుగుతున్నాడో చూసి, అవసరమైతే అదనంగా నేర్పాలి అని. ప్రతి పిల్లవాడూ అనే ఉంది, క్లాసు అని లేదు. రెండూ మన బాధ్యతలే. మొదటిది చేసి రెండోది వదిలేస్తే సగం పనే చేసినట్టు. అదే చట్టంలో వారానికి 45 పనిగంటలు అని ఉంది, తయారయ్యే టైము కూడా అందులోనే కలిసి ఉంది. అంటే కార్డులు చేసుకోవడం, పుస్తకాలు పరిచి కూర్చోవడం కూడా ఉద్యోగమే.

ఇక క్యాలెండర్. ఇది కూడా పీడీఎఫ్‌లో ఉండదు. జూన్ 12 ప్రాంతంలో బడి తెరుస్తాం. మన పక్క అప్పుడు తోతాపురి మామిడి సీజన్. తోటల్లో కోతలు, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల బారులు. అమ్మానాన్న తెల్లారేసరికి తోటకు పోతారు, చంటిపిల్లను చూసుకోవడానికి పెద్దపిల్ల ఇంట్లో ఆగిపోతుంది. జూలై సగం దాకా హాజరు నిలకడగా ఉండదు. అప్పుడు కొత్త పాఠం మొదలుపెట్టి ఏం చేస్తాం? మేం జూన్ అంతా ఎవరు ఎక్కడున్నారో చూసుకోవడానికే పెట్టాం. తర్వాత దసరా, సంక్రాంతి సెలవులు అందరికీ తెలిసినవే. మనకు ప్రత్యేకంగా నవంబరు ఉంది. ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో తిరుపతి ఎట్లా మునిగిందో మీరంతా చూశారు. అంత కాకపోయినా, తుపాను అనగానే రెండు మూడు రోజులు సెలవు ఇస్తారు. ప్రణాళికలో నవంబరుకు 24 రోజులు రాసుకుంటే దెబ్బతింటాం. మేం 15 రాసుకునేవాళ్లం. మొత్తం మీద ఏడాదిలో 25 రోజులు ఏ పాఠమూ రాయకుండా ఖాళీగా వదిలేసేవాళ్లం. ఒక్క ఏడు కూడా అవి మిగల్లేదు.

పరిసరాల విజ్ఞానంలో నీళ్ల పాఠాన్ని కూడా అందుకే నవంబరుకు జరిపాం. గోదావరి, కృష్ణ పేర్లు పిల్లలు గడగడా చెబుతారు. చిత్తూరు మధ్యలో పారే నీవా నది పేరు అడిగితే దిక్కులు చూస్తారు. నవంబరులో నీవాలో నీళ్లు కనబడతాయి. ఇక దాని గురించి ఎక్కువ చెప్పను.

భాష గురించి మాత్రం చెప్పాలి. సరిహద్దు మండలాల్లో పోస్టింగ్ వచ్చినవాళ్లు జాగ్రత్తగా వినండి. మా బడిలో ఒకటో తరగతి అబ్బాయి బడి అనమంటే "పడి" అనేవాడు. గోడ బొమ్మ కింద బడి అని రాసి ఉంటే "పడి" అని చదివేవాడు. మా రెండో టీచరు పదేపదే సరిచేసేది. వాడు బిక్కమొహం వేసేవాడు. ఇంట్లో తమిళం. తమిళంలో "ప"కీ "బ"కీ ఒకటే అక్షరం. బడిని వాళ్లింట్లో పళ్లిక్కూడం అంటారు. వాడి చెవికి "ప"కీ "బ"కీ తేడా ఇంకా తెలియదు, నాలుకది తప్పు కాదు. అట్లాంటి పిల్లవాడికి అక్షరం రాయించే ముందు రెండు మూడు వారాలు వినికిడి ఆటలు కావాలి. పాలు, బాలు. పల్లి, బల్లి. ఏది అన్నానో బొమ్మ పట్టుకో. మన పీడీఎఫ్ ప్రణాళికలో ఈ మూడు వారాలు ఎక్కడున్నాయి? ఇప్పుడు పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటున్నాయి. ఆ పిల్లవాడికి రెండు పేజీలూ పరాయివే. మీరు నాలుగు తమిళం మాటలు నేర్చుకోండి. వాడి ముఖం ఎట్లా వెలుగుతుందో చూడండి.

ఇక 160 నిమిషాల పని ఎట్లా ఉండాలి? మేం చాలా తప్పులు చేసి తెలుసుకున్నది చెబుతాను. పిల్లవాడు మధ్యలో లేచి వచ్చి "టీచర్, ఇప్పుడేం చేయాలి" అని అడిగితే ఆ పని సరిగా తయారు కాలేదని అర్థం. చేసింది సరో కాదో తనే చూసుకోగలగాలి. మేం పాత పెళ్లిపత్రికలు పోగేశాం. ఒక వైపు లెక్క, ఇంకో వైపు జవాబు. పక్కన పుల్లల కట్టలు. రెండుసార్లు తప్పొస్తే కార్డును నీలం డబ్బాలో వేయాలి. సాయంత్రం ఆ డబ్బా తీసి చూస్తే నాకు రేపటి పాఠం ఏమిటో తెలిసేది. పీరియడ్ ప్లాన్‌లో టీచరు ఏం చేస్తుంది, పిల్లలు ఏం చేస్తారు అని రెండు గడులుంటాయి కదా? పక్కన ఇంకో గడి స్కేలు పెట్టి గీసుకున్నాను. "ఆ సమయంలో మిగతా రెండు తరగతులు" అని. మొదట్లో ఆ గడి నింపడానికే నాకు మిగతా రెంటికన్నా ఎక్కువ సేపు పట్టేది.

ఆ పేజీ నంబరు దించిన అబ్బాయి ఏమయ్యాడని అడగరేం? చెబుతాను. నాలుగో తరగతి వాడికి ఒకటో తరగతి పుస్తకం ఇస్తే సిగ్గుతో చచ్చిపోతాడు. తోటివాళ్లు ఏడిపిస్తారు. అందుకని భోజనాల తర్వాత పది నిమిషాలు, పెద్దవాళ్లు చిన్నవాళ్లకు కథ చదివి వినిపించే పని పెట్టాం. అందరు పెద్దవాళ్లకూ. వాడికి ఒకటో తరగతి పాప ఒకటి వచ్చింది. చదివి వినిపించాలంటే ముందు తను చదవాలి కదా? పొద్దున నా దగ్గరికి వచ్చి ఆ రెండు పేజీలు నేర్చుకునేవాడు. ఒకటో తరగతి పుస్తకం చంకలో పెట్టుకుని తలెత్తుకుని తిరిగేవాడు, చిన్నపిల్లకు చెప్పాలి కాబట్టి. సంక్రాంతి నాటికి ఒత్తులు లేని మాటలు కూడబలుక్కుని చదివాడు. ఏప్రిల్‌కు ఒత్తులు కూడా చాలావరకు వచ్చాయి. తన తరగతి పాఠాలు వాడికి పూర్తిగా అందాయని చెప్పను. చదవడం మాత్రం వచ్చింది.

ఒక హెచ్చరిక. బాగా చదివే పిల్లలను రోజంతా టీచర్లను చేయకండి. ఆ పిల్లలకూ నేర్చుకునే హక్కుంది. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు చాలు.

గోల మాట కూడా చెప్పాలి. ఇట్లా చేస్తే గది నిశ్శబ్దంగా ఉండదు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి గుమ్మంలోనే ఆగి, ఏంటమ్మా ఈ సంత అన్నారు. నేను వాదించలేదు. నీలం డబ్బా ఆయన చేతిలో పెట్టాను, ఏ కార్డు ఎవరిదో చెప్పాను. కూర్చుని అరగంట చూశారు. నోటు పుస్తకాలు నిండలేదని తల్లులు అడిగినప్పుడు కూడా అంతే. పిల్లను పిలిచి వాళ్ల ముందే ఒక పేజీ చదివించేదాన్ని. చదువు రాని తల్లికి కూడా, తన పిల్ల తడుముకుంటోందో చదువుతోందో వినగానే తెలిసిపోతుంది.

కేంద్రం 2021లో నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. మూడో తరగతి అయ్యేసరికి పిల్లలంతా అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న లెక్కలు చేయాలి అని 2026-27కు గడువు పెట్టుకున్నారు. నిమిషానికి ఇన్ని మాటలు చదవాలని కూడా రాశారు. ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తెలుగులో "వెళ్లిపోయారనుకున్నాను" ఒకే మాట, ఇంగ్లిషులో అది నాలుగైదు మాటలు. స్టాప్‌వాచ్ పట్టుకుని పిల్లను పరిగెత్తించకండి. చదివిన దాంట్లో ఎవరు వెళ్లిపోయారో అడగండి.

భోజనాలకు పిలుస్తున్నారు. నేను ఐదు తరగతుల లెక్కల పుస్తకాలు తెచ్చాను, ఆ మూల సంచిలో ఉన్నాయి. పుల్లల కట్టలూ ఉన్నాయి. భోంచేసి వచ్చాక బెంచీలు పక్కకు జరిపి నేల మీద పరుద్దాం. ఇద్దరు టీచర్ల బడివాళ్లు ఈ పక్క, ఒక్క టీచరు బడివాళ్లు ఆ పక్క కూర్చోండి. సోమవారం పొద్దున మొదటి గంట మీరు ఒక తరగతికి చెబుతుంటే మిగతా తరగతుల పిలకాయలు ఏం చేస్తారో, ఆ ఒక్క గంటకే రాద్దాం.